సుగుణక్క నడిపించిన చుట్టు

ఈ వారం మా ఆఫీసు పార్కింగ్‌లో లిండెన్ చెట్లు పూశాయి. పొద్దున కారు దిగి తలుపు వేయగానే ఆ వాసన ముక్కుకి తగిలింది. పలచని తేనె వాసన, దాని అడుగున తడి గడ్డి వాసన. పూలు ఆకుల కింద దాక్కుని ఉంటాయి కాబట్టి ఎవరూ తలెత్తి చూడరు. ఇక్కడ అమెరికాలో, షికాగో పక్కన నేపర్‌విల్‌లో జనం కాఫీ కప్పు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని ఆ చెట్ల కిందనుంచే గబగబా లోపలికి పోతారు. నేను మాత్రం లాప్‌టాప్ బ్యాగు కారు మీద పెట్టి కాసేపు అలాగే నిలబడిపోయాను. ఈ మధ్య ఒక చోట నిలబడాలన్నా ఏదో ఒక సాకు కావలసివస్తోంది. అంత అలసటగా ఉంది నాకు.

ఆ వాసనతో ఒక ఊరు వస్తుంది, ఆ ఊరి చుట్టూ ఉన్న ఒక దారి వస్తుంది, ఆ దారిలో నా మోచెయ్యి పట్టుకుని నడిచిన మనిషి వస్తుంది. ఊరు జర్మనీలోని మ్యూన్‌స్టర్. మనిషి సుగుణక్క, నేను హైదరాబాద్ నుంచి ఆ ఊరి ప్రాజెక్టుకి వెళ్ళినప్పుడు నాకు మేనేజరు. హనుమకొండ ఆవిడ. పెళ్ళయి ఆ దేశం వెళ్ళి, అక్కడే ఉద్యోగంలో చేరి, అక్కడే జుట్టు నెరిపించుకుంది. పొట్టి మనిషి, గట్టి గొంతు, శీతాకాలంలో చీర మీద వేసుకునే మగవాళ్ళ కోటు. జర్మన్‌ను కూడా హనుమకొండ యాసలోనే మాట్లాడేది. వాళ్ళకి ఎలా అర్థమయ్యేదో ఆ భగవంతుడికే తెలియాలి గానీ, అర్థమయ్యేది.

ఆ దారి గురించి చెప్పాలి. మ్యూన్‌స్టర్‌కి ఒకప్పుడు కోటగోడ ఉండేదట. యుద్ధాల కాలం పోయాక ఆ గోడని పడగొట్టి, ఆ జాగాలో ఊరి చుట్టూ లిండెన్ చెట్లు వరుసలుగా నాటి నడకదారి చేశారు. పాత ఊరంతా లోపల, తర్వాత పెరిగిన ఊరంతా బయట, మధ్యలో ఈ పచ్చటి చుట్టుదారి. మన దగ్గర అయితే గోడ పడ్డ రోజే ఒక టీ బండి వెలుస్తుంది, దాని వెనకే అపార్ట్‌మెంట్ లేస్తుంది. వాళ్ళు వందల ఏళ్ళుగా ఆ జాగాని నడవడానికే ఉంచుకున్నారు. తీరిగ్గా నడిస్తే గంట పైనే పట్టేది. ఎక్కడ మొదలుపెట్టినా మళ్ళీ అక్కడికే చేరేవాళ్ళం.

నా మొదటి వారంలోనే ఆ దారి మీద నాకు చీవాట్లు పడ్డాయి. భోజనం తర్వాత మా టీమ్ తెలుగువాళ్ళం నలుగురం బయల్దేరాం. చెట్ల మధ్యన నున్నగా, వెడల్పుగా, ఖాళీగా ఒక రోడ్డు కనిపించింది. పక్కన మట్టిదారి ఉంది. నున్నటి రోడ్డు ఉండగా మట్టిలో ఎందుకు నడుస్తాం? పెళ్ళికి వెళ్తున్నవాళ్ళలా నలుగురం వరసగా, రోడ్డంతా ఆక్రమించి, కబుర్లు చెప్పుకుంటూ నడిచాం. వెనక గంటలు మోగాయి. ఏదో గుడి గంట కాబోలనుకున్నామే తప్ప తిరిగి చూడలేదు. తీరా చూస్తే సైకిళ్ళు! ఒక ముసలావిడ బ్రేకు వేసి, ఒక కాలు నేల మీద ఆనించి, మా నలుగురినీ వేలు పెట్టి చూపిస్తూ కడిగిపారేసింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అన్నీ మా గురించేనని తెలుస్తూనే ఉంది. అప్పుడు వెనకనుంచి సుగుణక్క వచ్చి నా మోచెయ్యి పట్టుకుని మట్టిదారిలోకి లాగింది.

“అది సైకిళ్ళ తొవ్వ బిడ్డా. ఈడ సైకిల్ తొక్కెటోళ్ళకు కలెక్టర్ కన్నా పవర్ ఎక్కువ. జర పక్కకి రాండ్రి, లేకుంటే నలుగురు నాలుగు దిక్కుల ఎగిరిపోతరు.”

“మరి అంత మంచి రోడ్డు సైకిళ్ళకి ఇచ్చి మనుషులకి మట్టిదారా మేడమ్?” అన్నాను.

“మేడమ్ అనకు, పంతులమ్మ లెక్క అనిపిస్తది. అక్కా అను. ఇంకొకటి, మీరు ఇటు దిక్కే ఎందుకు తిరుగుతున్నరు, అటు దిక్కు పోరాదు?”

మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎవరూ అనుకుని చేయలేదు. ఊరిని కుడిచేతి వైపు పెట్టుకుని తిరగడం మాకు కాళ్ళలోనే ఉంది. చుట్టూ తిరగడం అంటే మనకి ప్రదక్షిణమే కదా! ఆవిడ పకపకా నవ్వింది. “లోపల చర్చి ఉన్నది, బ్యాంకు ఉన్నది, చేపల అంగడి ఉన్నది. ఎవలకు మొక్కుతున్నరు?” అని, కాస్త ఆగి, “నేను గూడ గట్లనే తిరుగుత, ఇన్నేండ్లయినా” అంది. ఆ రోజు నుంచి ఆవిడ నాకు అక్కే.

సుగుణక్కకి ఆఫీసులో గది ఉండేది గానీ, అందులో కూర్చుని ఎవరితోనూ ముఖ్యమైన మాట మాట్లాడేది కాదు. “షూస్ ఏసుకో, పోదాం పా” అనేది. అంటే మాట్లాడవలసింది ఉందన్నమాట. ఇద్దరికి గొడవ వచ్చినా, ఎవరి పనైనా బాగాలేకపోయినా, ఇంటి దగ్గర ఎవరికైనా ఒంట్లో బాగాలేదని ఫోను వచ్చినా చుట్టు తిరగాల్సిందే. వానలో కూడా తిప్పేది. ఒకసారి ఒకబ్బాయికి జలుబు చేసి వారం పడుకుంటే మిరియాల చారు కాచి డబ్బాలో పంపింది గానీ, తిప్పడం మానలేదు. టీమ్‌లో ఎవరికైనా షూస్ వేసుకోమని కబురు వస్తే మిగతావాళ్ళం, “అయిపోయాడ్రా వీడు” అని నవ్వుకునేవాళ్ళం. మనదాకా వస్తే గానీ తెలియదంటారు. ఒక జూన్‌లో, ఇదే పూల కాలంలో, నా దాకా వచ్చింది.

అప్పటికి నేను ఆ ఊరు వచ్చి మూడేళ్ళు. జర్మన్ కొంచెం వచ్చింది, ఒక సైకిల్ కొనుక్కున్నాను, నున్నటి రోడ్డు మీద నేను కూడా గంట కొట్టి జనాన్ని పక్కకి తోలుతున్నాను. ఆ ఊళ్ళోనే ఉండిపోదామని గట్టిగా అనుకుంటున్న రోజులు. ఆ మధ్యాహ్నం సుగుణక్క నా కుర్చీ దగ్గరికి వచ్చి షూస్ వేసుకోమంది. ఊరి అంచున ఉన్న చెరువు వైపు నుంచి చెట్ల కిందికి అడుగుపెట్టామో లేదో, ఆగి నా మొహంలోకి చూసింది.

“కాంట్రాక్ట్ రెన్యూ కాలేదు బిడ్డా. నీ జాబ్ పోతున్నది. పొద్దున నాకు తెలిసింది, ఇప్పుడు నీకు చెప్తున్న. ఇగ నడు.”

అంతే. ముందు మాట లేదు, ‘నీ పని చాలా బాగుంటుంది కానీ’ అనే నసుగుడు లేదు. నేను నడిచానో, కాళ్ళు నడిచాయో నాకు తెలియదు. ఆ దేశంలో నా పర్మిట్ ఉద్యోగానికే కట్టి ఉంది. ఉద్యోగం పోతే అద్దె ఇల్లు, సైకిలు, నేర్చుకున్న ఆ నాలుగు ముక్కల భాష, అన్నీ పోయినట్టే. కొంతసేపటికి ఏడుపు వచ్చింది. ఆవిడ ఊరుకోమనలేదు. ఏడుపు పోయి కోపం వచ్చింది. దారిలో పాత రాజభవనం ఒకటి ఉంది, దాని ఎదుట ఒక బెంచీ ఉంటే కూలబడ్డాను.

“మీకేం అక్కా, మీకు ఇక్కడి పాస్‌పోర్ట్ ఉంది. చెప్పేసి చేతులు దులుపుకుంటారు” అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఎంత మాట అన్నానా అనిపిస్తుంది. అప్పుడు ఇంకా ఘాటుగా అనలేకపోయానే అనిపించింది.

“ఉన్నది. నిజమే” అంది ఆవిడ. కూర్చోలేదు. నా ఎదురుగా నిలబడే ఉంది. “ఇంకేమన్న అనేది ఉంటే అను. తర్వాత లే. ఇంకా సగం ఉన్నది.”

లేచాను. రెండో సగంలో ఆవిడ ఓదార్చకుండా ప్రశ్నలు వేసింది. రేపు పొద్దున లేచి ముందు ఎవరికి ఫోన్ చేస్తావు? ఇంట్లో ఏమని చెప్తావు? ఇల్లుగలాయనకి ఎప్పుడు చెప్తావు? నేను విసుక్కుంటూ జవాబులు చెప్పాను. మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి నాకు ఉద్యోగం ఇంకా లేదు, కానీ రేపు పొద్దున లేచి చేయవలసిన పనులు మాత్రం ఉన్నాయి. అప్పుడు అడిగాను, ఇంకా హెడ్డాఫీసు నుంచి ఉత్తరమే రాలేదు కదా, ఇవాళే ఎందుకు చెప్పారని.

“చెడ్డ వార్త దోసెల పిండి లెక్క బిడ్డా, పెట్టుకుంటే పులుస్తది. నాకు తెలిసి నీకు తెల్వకపోతే, నేను నీ ముందట నవ్వుకుంట తిరుగాలె. నువ్వేమో కొత్త సోఫా కొంటున్న అంటవ్, నేను ఏ రంగు అని అడగాలె. గది నాతోని కాదు. గంతే.”

అలా ముందే చెప్పినందుకు హెడ్డాఫీసు వాళ్ళు ఆవిడకి గట్టిగానే అక్షింతలు వేశారని తర్వాత వేరేవాళ్ళు చెప్పారు. ఆవిడ నోటివెంట మాత్రం ఏనాడూ రాలేదు. అడిగితే, “అన్నరు. అంటరు. మనకు చెవులు రెండు ఉన్నయి గద” అనేది.

ఆ తర్వాత కథ పెద్దదేం కాదు. అమెరికాలో ఉద్యోగం దొరికింది, నేపర్‌విల్ వచ్చాను, పెళ్ళి, పిల్లాడు, రైలెక్కి షికాగో వెళ్ళి రావడం, ఆపైన ఊళ్ళోనే ఈ ఆఫీసు. ఇప్పుడు నేనే మేనేజర్ని. ఇక్కడ మనిషిని తీసేయడానికి ఒక పద్ధతి ఉంది. క్యాలెండర్‌లో పేరులేని మీటింగ్ ఒకటి పడుతుంది. ఆ మనిషి కాల్‌లోకి వచ్చేసరికి హెచ్ఆర్ అమ్మాయి నవ్వకుండా కూర్చుని ఉంటుంది. వాళ్ళు రాసిచ్చిన నాలుగు వాక్యాలు నేను చదవాలి. నా సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు, ‘సారీ’ అనడం కూడా మంచిది కాదట. కాల్ అయ్యేలోపు అవతలి మనిషి లాప్‌టాప్ లాక్ అయిపోతుంది. అలాంటి కాల్స్ వరసగా చేసి చేసి నా గొంతు నాకే పరాయిదైపోయింది. ఇంటికి వచ్చి మా వాడు “అమ్మా, హోంవర్క్ చూస్తావా?” అంటే కూడా ఆ నాలుగు వాక్యాల గొంతుతోనే జవాబు చెబుతున్నానని మా ఆయన అన్నాడు. కోపం వచ్చింది గానీ, ఆయన అన్నది నిజమే.

పోయిన వారం మంగళవారం మా డైరెక్టర్ ఫోన్ చేశాడు. శుక్రవారం పొద్దున మా టీమ్ నుంచి కార్తీక్‌ని తీసేస్తున్నారు, అప్పటిదాకా ఎవరికీ తెలియకూడదు అన్నాడు. కార్తీక్‌ది విజయవాడ. హెచ్-వన్‌బీ మీద ఉన్నాడు, భార్య స్వాతికి ఏడో నెల. ఊరి చివర టౌన్‌హౌస్ కొంటున్నాడు, గురువారం క్లోజింగ్. అంటే గురువారం సంతకాలు పెడితే ముప్ఫై ఏళ్ళ అప్పు మెడకి పడుతుంది, మర్నాడు పొద్దునే ఉద్యోగం పోతుంది, ఆ రోజు నుంచే దేశంలో ఉండటానికి గడువు కరగడం మొదలవుతుంది. డైరెక్టర్ ఫోన్ పెట్టిన గంటకి కార్తీక్ నా దగ్గరికే వచ్చాడు.

“పద్మజ గారూ, ఒక్క నిమిషం. కిచెన్ టైల్స్, ఈ రెండిట్లో ఏది బాగుందండీ? స్వాతి గ్రే అంటోంది, నాకేమో ఈ క్రీమ్ కలర్ నచ్చింది.”

“క్రీమ్ బాగుంది” అన్నాను, నవ్వాను కూడా. వాడు వెళ్ళాక బాత్రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

ఆ రాత్రి నిద్రపట్టలేదని వేరే చెప్పనక్కర్లేదు. నా గ్రీన్‌కార్డ్ ఇదే కంపెనీ ద్వారా నడుస్తోంది. ముందే చెప్పానని తెలిస్తే కార్తీక్ వెనకే నా సామాను కూడా బయటికి వస్తుంది. మా ఆయనతో చెబితే తల పట్టుకుని కూర్చున్నాడు. చివరికి, “చెప్పొద్దని నేను అనలేను, చెప్పమనీ అనలేను” అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను, మా ఇద్దరి వీసా ఒక్క తాడు మీదే వేలాడుతోంది. బుధవారం మధ్యాహ్నం దాకా నా కుర్చీలో కూర్చుని తెర మీద ఏముందో చదవకుండా చూశాను. తర్వాత లేచి కార్తీక్ దగ్గరికి వెళ్ళి, “కాస్త బయట నడుద్దాం రా” అన్నాను.

మా ఆఫీసు వెనక వాననీళ్ళు నిలవడానికి తవ్విన చెరువు ఉంది. దాని చుట్టూ సిమెంటు బాట, బాట నిండా బాతుల రెట్టలు. మ్యూన్‌స్టర్ ఎక్కడ, ఇది ఎక్కడ! అయినా అది చుట్టూ తిరిగి మొదటికే వస్తుంది. బాట మీద కాలు పెట్టగానే ఆగి చెప్పేశాను.

“కార్తీక్, శుక్రవారం నీ ఉద్యోగం పోతోంది. రేపు ఆ ఇంటికి సైన్ చేయకు.”

వాడు ముందు నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. “జోక్ కాదు కదండీ?” అన్నాడు. తల అడ్డంగా ఊపాను. వాడు నడక మొదలుపెట్టాడు, చాలా వేగంగా. నేను దాదాపు పరుగెత్తుతున్నాను.

“మీకు ఎప్పుడు తెలిసింది?”

“నిన్న మధ్యాహ్నం.”

“నేను టైల్స్ చూపించకముందా, చూపించాకా?”

“ముందే.”

“క్రీమ్ బాగుంది అన్నారు మీరు.” వాడు నడుస్తూనే తల తిప్పాడు. “నవ్వారు కూడా అండీ.”

“అవును.” ఒక్క రాత్రికే పిండి పులిసింది. వాడికి ఆ వాసన తగిలింది.

చెరువు అవతలి ఒడ్డుకి చేరాక వాడు గిర్రున తిరిగాడు. “చెప్పేశారుగా, ఇంక మీరు వెళ్ళండి. ప్లీజ్. నాకు మీ మొహం చూడాలని లేదు.”

“చూడకు. నేను వెనక నడుస్తాను.”

వాడు ముందు, నేను నాలుగడుగుల వెనక. మధ్యలో ఒకసారి చేతుల్లో మొహం పెట్టుకుని, “స్వాతికి ఎలా చెప్పను, తను ఈ కండిషన్‌లో...” అన్నాడు. నాతో అన్నాడో, తనలో తను అనుకున్నాడో. “ఇవాళే చెప్పు. నువ్వు దాస్తే నీ మొహమే చెప్పేస్తుంది” అన్నాను. “ముందు లాయర్‌కి ఫోన్ చేస్తావా, లోన్ వాళ్ళకా?” అని అడిగాను. వాడు నడక వేగం పెంచాడు. అయినా అడుగుతూనే ఉన్నాను. మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి వాడు ఫోన్ బయటికి తీసి, లోన్ ఆఫీసర్ నంబరు వెతుకుతూ, నా వైపు చూడకుండా కారులోకి వెళ్ళిపోయాడు. థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

శుక్రవారం పొద్దున పేరులేని మీటింగ్ జరిగింది. హెచ్ఆర్ అమ్మాయి నవ్వకుండా కూర్చుంది, నేను నాలుగు వాక్యాలు చదివాను. కార్తీక్ కెమెరా ఆన్ చేసే ఉంచాడు. తెల్లబోయినట్టు నటించాడు, పాపం, అదీ సరిగ్గా చేతకాలేదు. నన్ను కాపాడటానికి వాడు అలా నటిస్తున్నాడని నాకు అర్థమైన క్షణంలో వాడి తెర నల్లబడింది. నేను బయటికి వచ్చి పార్కింగ్‌లో కారులో కూర్చుని, ఏమీ ఆలోచించకుండా సుగుణక్కకి ఫోన్ చేశాను.

ఆవిడ ఇప్పుడు రిటైరయి మ్యూన్‌స్టర్‌లోనే ఉంటోంది. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్లు అయ్యాయి. పండగలకీ పబ్బాలకీ తప్ప మాట్లాడుకోం. అక్కడ అప్పుడు సాయంత్రం, వంటింట్లో ఉన్నట్టుంది, పోపు చిటపట వినిపిస్తోంది. జరిగిందంతా చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అంతా విని, “పొల్లగాడు ఇంటి కాయితాల మీద సంతకం పెట్టలేదు గద?” అని అడిగింది.

“పెట్టలేదక్కా.”

“మంచిగైంది. మరి నువ్వెందుకు ఏడుస్తున్నవ్?”

“నాకు ఓపిక అయిపోయిందక్కా. ఇంక ఈ పని నావల్ల కాదు. మీరు అన్నేళ్ళు ఎలా చేశారు?”

పొయ్యి ఆపిన చప్పుడు వినిపించింది.

“నీకు జాబ్ పోయిందని చెప్పిన దినం, నిన్ను ఇంటికి తోలి, మళ్ళ చెరువు కాడికే పోయిన. ఇంకో చుట్టు తిరిగిన, ఒక్కదాన్నే. నువ్వన్న మాటలన్నీ నాతోనే వచ్చినయి. ఎవలకు చెప్పినా గంతే, వాళ్ళకొక చుట్టు, నాకొక చుట్టు. చెప్పినోళ్ళకు గూడ కాళ్ళు వణుకుతయి బిడ్డా.”

“ఎవరినీ తోడు పిలవలేదా?”

“ఎవల్ని పిలుస్త? అందరికీ నేనే చెప్పాలె.” ముక్కు ఎగబీల్చి, మళ్ళీ ఎప్పటి గట్టి గొంతుతో అంది. “ఇప్పుడు కారు దిగు. ఫోన్ పెట్టకు. నువ్వు నడు, నేను ఈడనే ఉంట.”

దిగాను. ఫోన్ చెవికి పెట్టుకుని చెరువు చుట్టూ నడిచాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. కుర్చీ లాక్కున్న చప్పుడు, మోకాళ్ళ నొప్పికి కాబోలు చిన్న మూలుగు, అంతే. నేను ఏడ్చినంతసేపు ఏడ్చాను, ఆగినప్పుడు ఆగాను. బాట మొదటికి వచ్చి నిలబడితే అక్కడినుంచి అడిగింది.

“అయ్యిందా?”

“అయ్యిందక్కా.”

“సరే. పో, పని చూస్కో.”

కార్తీక్ ఇంకా ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. నేను నాలుగైదు చోట్ల చెప్పాను, వాడు నా మెసేజ్‌లకి ఒక్క ముక్కలో జవాబిస్తున్నాడు. వాడికి ముందే ఎవరైనా చెప్పారా అని నన్ను ఇంకా ఎవరూ అడగలేదు. అడిగితే నేనేనని చెబుతాను. వచ్చే నెలలో ఇంకొన్ని పేర్లు వస్తాయని అంటున్నారు. నాకు నిద్ర చాలడం లేదు, ఓపిక లేదు, ఈ ఉద్యోగం మీద ప్రేమ ఏనాడో పోయింది. అయినా కారు డిక్కీలో ఒక జత నడక బూట్లు పడేసి ఉంచాను.